ఎండ పక్క

"తియ్యిరా! బయటికి తియ్యి! అది పొయ్యిల కట్టె గాదురా సామేలూ!"

సాయవ్వ కేకకు వాకిట్లో కోళ్లు చెదిరాయి గాని, ఆమె కొడుకు చెదరలేదు. పొయ్యి ముందు గొంతుక్కూర్చున్న సామ్యూల్ టెన్నిస్ బ్యాటు పిడిని మంటలోకి ఇంకో జానెడు తోశాడు.

పట్నం పోటీలో ఓడి వచ్చి ఇవాళ్టికి మూడు రోజులు. ఈ మూడు రోజుల్లో అతను తండ్రితో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. పెట్టింది తిన్నాడు, చాప పరిస్తే పడుకున్నాడు, పిలిస్తే గోడ వైపు తిరిగాడు. ఈ కోపం ఎక్కడ తేలుతుందా అని సాయవ్వ చూస్తూనే ఉంది. తేలి తేలి పొయ్యిలో తేలింది.

తోలు కాలే వాసనకు ఇశ్రాయేలు లోపలికొచ్చాడు. కొడుకును చూశాడు, బ్యాటును చూశాడు. వంగి, మంటలో చెయ్యి పెట్టి, బ్యాటు లాగి గోళెంలో నీళ్లలో ముంచాడు. సుయ్యిమంది.

"అయ్యో, చెయ్యి! బొబ్బలెక్కుతది చెయ్యి!" సాయవ్వ నెత్తి కొట్టుకుంది.

ఆయన చెయ్యి చూసుకోలేదు. బ్యాటు నరాలు తెగాయేమోనని వేలితో మీటి చూశాడు. మోగాయి. అప్పుడు ఊపిరి వదిలాడు.

ఇదీ ఆ మనిషి వరస! అరవై రెండేళ్లు వచ్చినా మారలేదు. చిన్నప్పుడు బొల్లారంలో గోరా సాయిబుల వెంట బంతులు ఏరి, ఆ ఆటను కళ్లతోనే మింగి, ముప్పై నాలుగేళ్ల కింద సిద్దిపేట ఆఫీసర్ల క్లబ్బుకు మార్కర్‌గా వచ్చాడు. మార్కర్ అంటే దొరలకు టెన్నిస్ నేర్పాలి, జోడీ దొరకని దొరతో తానే ఆడాలి, ఆట అయ్యాక బంతులు ఏరి ఇవ్వాలి. సామ్యూల్‌కూ ఊహ తెలిసినప్పటి నుంచి అదే పని. నేర్పడం అంటే ఆయనకు ప్రాణం. వచ్చిపోయిన తాసిల్దార్ల పేర్లు మర్చిపోతాడు గాని వాళ్ల తప్పులు మర్చిపోడు. "మోచెయ్యి ముడిచెటాయన", "కండ్లు మూసుకొని కొట్టెటాయన" అని గుర్తు పెట్టుకుంటాడు. మోచెయ్యి ముడిచే ఆయన బదిలీ మీద పోతుంటే, సామాన్ల బండి వెంట నడుస్తూ, "సర్కార్, మోచెయ్యి! మోచెయ్యి మర్వద్దు సర్కార్!" అంటూ ఊరి పొలిమేర దాకా పోయాడు.

బంతిని తల మీంచి కొట్టాలంటే, జొన్నచేలో పిట్టలు తోలే వడిసెల తిప్పి చూపిస్తాడు. పక్క నుంచి కొట్టాలంటే సాయవ్వను చూపిస్తాడు. ఇంటి వెనక ఉన్న ఆ క్లబ్బు ఎర్రమొరం కోర్టును వారం వారం పెండనీళ్లతో అలికేది ఆమే మరి. "గా చెయ్యి సూడున్రి సర్కార్! భుజంకెల్లి ఎట్ల తిరుగుతున్నదో సూడున్రి!" అంటుంటే, తాసిల్దారు అంతటివాడు నిలబడి అలుకు చూసేవాడు. సాయవ్వకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

"మూడొద్దులాయె," అన్నాడు ఇశ్రాయేలు బ్యాటు తుడుస్తూ. "గెలుసుడు, ఓడుడు ఆటల ఉండేదే. బ్యాటేం జేసిందిరా నిన్ను?"

"బ్యాటేం జెయ్యలె," అన్నాడు సామ్యూల్. ఎట్టకేలకు నోరు విప్పాడు. "జేసింది నువ్వు."

"నేనా?"

"నువ్వే. నాతోని ఆడిన పిలగాడు కాలేజీల సదువుతున్నడు. బ్యాటు వట్టి రెండేండ్లు గాలె. ఉరికిచ్చి ఉరికిచ్చి గెలువొచ్చు వాన్ని. కోర్టు సగం ఖాళీగ కనవడుతనే ఉన్నది బాపూ! ఖాళీ జాగల ఎయ్యాలనుకుంట. కొడ్త. బంతి పోయి పోయి ఆని బ్యాటు మీదనే వడుతది. నడుమంత ఎత్తుల, మెత్తగ, పెండ్లికొడుక్కు పెరుగన్నం పెట్టినట్టు!"

సాయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒకసారి గాదు, రెండుసార్లు గాదు. సూసెటోళ్లు నవ్విన్రు. రాంచందర్ సారు మంచోడు, కొత్త మున్సిఫ్ అయినా నన్ను నమ్మి పేరు రాయించిండు. ఆయన తల దించుకున్నడు. ఆట ఒడిసినంక ఆ పిలగాడు నెట్ కాడికొచ్చి చెయ్యి కలిపిండు. ఏమన్నడో ఎరికేనా? 'షాబాష్, మార్కర్' అన్నడు."

"మంచిమాటనే గదరా అన్నడు," అంది సాయవ్వ.

"అవ్వా, నేను మార్కర్నని ఆనికి ఎవ్వరు జెప్పలె! తెల్ల లాగు తొడుక్కున్న. బూట్లేసుకున్న. అందరి తీర్గనే ఉన్న. నా ఆట సూసి తెలుసుకున్నడు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. సాయవ్వ దాన్ని వెనక్కి లాగింది.

"దొర బ్యాటు మీదికే ఎయ్యాలె అని నేర్పినవు," అన్నాడు సామ్యూల్. గొంతు పెరగలేదు, అదే మరీ భయంగా ఉంది. "కడకు దొరనే గెలువాలె, మనం ఓడిచ్చుకున్నట్టు దొరకు తెల్వద్దు. బంతి నెట్ అంచుకు తాకి మనదిక్కే వడాలె. అయ్యో, జరల తప్పింది అనుకోవాలె దొర. గా అంచు కొట్టుడు నేర్సుకోనీకె నాకు మూడేండ్లు వట్టింది. గెలుసుడు నేర్పినవా బాపూ? ఒక్కనాడన్న నేర్పినవా?"

"గది నౌకరీరా! ఆట ఏరే, నౌకరీ ఏరే!" ఇశ్రాయేలు ఒక్కసారిగా గర్జించాడు. "నేను తల్చుకుంటే గెలువకపోదునా? ఎంతమంది దొరలొచ్చిన్రు, ఎంతమంది వోయిన్రు! తల్చుకుంటే ఒక్కొక్కన్ని కోర్టంత ఉరికిద్దును! తల్చుకోలె. గంతే!"

"నువ్వు తల్చుకోలె," అన్నాడు కొడుకు. "నేను తల్చుకున్న. కాలె."

ఇశ్రాయేలు తుడిచిన బ్యాటునే మళ్లీ తుడిచాడు.

సామ్యూల్ లేచి గోడకున్న రేకుపెట్టె దించాడు. "రేపు జనగామ బస్సుకు వోతున్న. ఆడికెల్లి రైలుకు ఓరంగల్లు. దుబ్బయ్య బావ మిల్లుల జాగ సూసిండు."

దుబ్బయ్య సామ్యూల్ భార్య ఎల్లవ్వకు అన్న. ఎల్లవ్వ కాన్పుకని పుట్టిల్లు రాయపోల్‌కు పోయి నెల దాటింది.

"మిల్లుల ఏం జేస్తవురా?"

"దారం తెగితే ముడేస్త."

"గా చెయ్యితోనా?" ఇశ్రాయేలు కొడుకు చేతి కేసి చూశాడు. "గా చెయ్యితోని ముడులేస్తవా? యాడాది ఉండరా. ఒక్క యాడాది. అంత మర్చిపోదాం. మళ్ల మొదలుకెల్లి నేర్పుత. కొత్తగ నేర్పుత."

"నీకు వచ్చిందే గద నేర్పుతవు," అన్నాడు సామ్యూల్. "వొద్దు బాపూ. నాకు పుట్టెటోడు గీ బంతులు ఏరద్దు."

ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇశ్రాయేలు అరుగు మీద కూర్చుని కాలిన పిడికి పేలిక చుడుతున్నాడు. పేలిక సాయవ్వ పాత చీరది. అరచెయ్యి నిండా బొబ్బలు. చుట్టిందే విప్పి, విప్పిందే చుడుతున్నాడు. మింగలేక కక్కలేక సాయవ్వ ఎదురుగా కూర్చుంది.

"పోనియ్యరాదయ్యా," అంది చివరికి. "మిల్లు కూలోడైతేంది? తలెత్తుకొని బతుకుతడు."

"మిల్లుల ఎవ్వడైన బతుకుతడు సాయవ్వా. గసొంటి చెయ్యి మాత్రం మళ్ల రాదు. ఇంతమందికి నేర్పితి. అందరు పొద్దుపోక ఆడినోళ్లే. వాడొక్కడే ఆట కోసం ఆడిండు. వాడు గూడ పోతే నేనేం నేర్పినట్టు? గిన్నేండ్లు ఏం జేసినట్టు?"

"నాకేం తెలుసు? నేను అలికినదాన్ని," అంది సాయవ్వ. "నువ్వు నిజంగ గెలుతువా?" అని అడిగింది.

"ఏందే?"

"తల్చుకుంటే గెలుస్త అంటవు గద. లగ్గమైనప్పటిసంది ఇంటున్న. నిజంగ గెలుతువా?"

"గెలుస్త," అన్నాడు ఇశ్రాయేలు కోపంగా. "అడుగొచ్చే మాటేనా అది!"

పిడికి ఆఖరి ముడి వేసి లేచాడు. లోపలి గదిలో కొడుకు పెట్టె సర్దుకుంటున్నాడు. ఇశ్రాయేలు గడప దాటలేదు.

"సామేలూ. బస్సు ఎన్నింటికి?"

"ఏడింటికి."

"పొద్దు పొడువంగనే కోర్టు మీదికి రా. ఒక్క గేమ్. నాలుగు పాయింట్లు. నన్ను గెల్చి పో. గెలిస్తే పెట్టె నేనే నెత్తిన వెట్టుకొని బస్సెక్కిస్త. గెలువకపోతే యాడాది నా కాడ ఉండాలె."

లోపల చప్పుడు ఆగింది.

"నిజంగ ఆడుతవా? దొరలకు ఆడినట్టు గాదు గద?"

"నా ఆటనే ఆడుత."

"అవ్వ మీద ఒట్టు వెట్టు."

"నడుమ నన్నెందుకురా గుంజుతవు!" అంది సాయవ్వ.

"సాయవ్వ మీద ఒట్టు," అన్నాడు ఇశ్రాయేలు.

తెల్లారింది. మంచు తడికి కోర్టు మీది అలుకు ఇంకా పచ్చిగా వాసన వేస్తోంది. సున్నం గీతలు కొత్తగా కొట్టి ఉన్నాయి. ఆ ముసలాయన ఎప్పుడు లేచాడో, ఎప్పుడు కొట్టాడో! సాయవ్వ పెండగంప పక్కన పెట్టుకుని బయట నిలబడింది.

తండ్రి ముందు నడిచాడు, కొడుకు వెనక నడిచాడు. ఇద్దరూ పోయి పోయి కోర్టుకు ఒకే కొసన నిలబడ్డారు.

పొద్దుటిపూట అయినా, సాయంత్రం అయినా, ఎండ కళ్లలో కొట్టే పక్క మార్కర్‌ది. ఎండ వీపున పడే పక్క దొరది. ఎవరూ రాయలేదు, ఎవరూ చెప్పలేదు, అది అంతే. ఇప్పుడు ఇద్దరు మార్కర్లూ ఎండ పక్కన నిలబడితే, అవతలి పక్క ఖాళీగా ఉంది.

ఇంకొక రోజైతే ముగ్గురూ నవ్వేవారు.

"నువ్వు అవుతలికి పో," అన్నాడు ఇశ్రాయేలు. "ఎండ నాకలవాటే."

"నాకు గాదా?" అన్నాడు సామ్యూల్. అయినా పోయాడు.

మొదటి బంతి సామ్యూల్ వేశాడు. ఇశ్రాయేలు తిప్పి కొట్టాడు. సామ్యూల్ మళ్లీ కొట్టాడు. బంతి వచ్చి తండ్రి కుడిచేతి పక్కన, నడుమంత ఎత్తున, మెత్తగా లేచింది.

"నేను లేని జాగల ఎయ్యిరా!"

"ఏస్తున్న బాపూ!"

మళ్లీ అక్కడికే వచ్చింది.

"ఎడమదిక్కు ఖాళీ ఉన్నది, కనవడ్తలేదా?"

"కనవడుతున్నది! ఏస్తున్న!"

మళ్లీ అక్కడికే. ముసలాయన అడుగు తీసి అడుగు వేయనక్కర్లేదు. సామ్యూల్ పళ్లు బిగబట్టి కొడుతున్నాడు, మొహం చెమటతో తడిసింది. బంతి మాత్రం ఏళ్ల తరబడి నడిచిన దారినే నడుస్తోంది.

సరే, నేను చూపిస్తా అనుకున్నాడు ఇశ్రాయేలు. ఇట్లా కాదు, ఇట్లా అని చూపిస్తా. కొడుక్కి ఎడమ వైపు మూల బారెడు బారెడు ఖాళీ. కన్ను అక్కడే పెట్టాడు, భుజం తిప్పాడు, కొట్టాడు.

బంతి పోయి సామ్యూల్ కుడిచేతి పక్కన, నడుమంత ఎత్తున లేచింది.

జారిందనుకున్నాడు. బొబ్బల చెయ్యి కదా. ఇంకోసారి కొట్టాడు. అక్కడికే పోయింది. మూడోసారి మరీ గట్టిగా కొట్టాడు. మణికట్టు తనంతట తానే ఆఖరి క్షణంలో మెల్లగా తిరిగింది. ఆ తిరగడం ఆయనకు ఈసారి స్పష్టంగా తెలిసింది. తిరగొద్దని మనసులో అరుస్తున్నా తిరిగింది.

బంతి అటూ ఇటూ పోతూనే ఉంది. ఆగడం లేదు. ఎంత అందంగా ఉందో ఆ ఆట! చూసేవాళ్లుంటే చప్పట్లు కొట్టేవారు. సాయవ్వ మాత్రం కొట్టలేదు. చూసి చూసి, విసిగి, "ఇద్దరికిద్దరు! ఎవ్వరికి ఓడగొట్టుడు రాదు గదరా మీకు!" అని అరిచింది.

ఇశ్రాయేలు వచ్చిన బంతిని కొట్టలేదు. చేత్తో పట్టుకున్నాడు. పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఎన్ని అవమానాలు దిగమింగాడు ఆ ఒక్క మాట మీద! తాగొచ్చి బ్యాటు విసిరిన దొర, బంతి గీతవతల పడితే తనను తిట్టిన దొర, అందరినీ సలాం చేసి సహించాడు. ఇంటికొచ్చి గంజి తాగుతూ, తల్చుకుంటే గెలుస్తును అనుకునేవాడు. ఆ మాటతో పడుకునేవాడు, ఆ మాటతో లేచేవాడు. ముప్పై నాలుగేళ్లు! తీరా ఈవేళ తల్చుకున్నాడు. కాలేదు. రాని ఆటను ఏమని నేర్పుతాడు? దేనికని ఆపుతాడు? బిడ్డ నిన్న పొయ్యి దగ్గర చెప్పిందే నిజం. ఆయన కళ్లు చికిలించాడు.

"ఏమైంది బాపూ?" సామ్యూల్ నెట్ దాకా వచ్చాడు.

"ఎండ. ఎండ కండ్లల్ల కొడుతున్నది. పో, నీ జాగకు పో. గిప్పటిదాక ఉత్తదే. ఇగ పాయింట్లు లెక్కవెడుత."

సామ్యూల్ బంతి వేశాడు. ఇశ్రాయేలు కొట్టాడు. బంతి నెట్ అంచుకు తాకి, క్షణం ఊగి, ఇటే పడింది.

"ఫిఫ్టీన్ లౌ," అన్నాడు ఇశ్రాయేలు.

రెండో బంతీ అంచుకే తాకింది, ఇటే పడింది. "అరెరే, జరల తప్పె!" అని తల కొట్టుకున్నాడు ముసలాయన. "థర్టీ లౌ."

సామ్యూల్ మూడో బంతి వేయడానికి చాలాసేపు తీసుకున్నాడు. తండ్రి మొహంలోకి చూస్తున్నాడు. ఎండ పడి ఆ మొహం మీద ఏమీ కనిపించలేదు. వేశాడు. అంచు, ఊగడం, ఇటు పడటం.

"ఫార్టీ లౌ. ఎయ్యి బిడ్డా, ఇంకొక్కటే. ఎయ్యి."

నాలుగోది గీత అవతల రెండు వేళ్ల ఎడంలో పడింది. తాసిల్దార్లకు నమ్మకం కలగాలంటే అంతే ఎడం ఉండాలి, మూడు వేళ్లు కాకూడదు.

"గేమ్ సాబ్!"

ఆ మాట నోరు జారాక గాని ఏమన్నాడో ఇశ్రాయేలుకు తెలియలేదు. తెలిసి కూడా ఆగలేకపోయాడు. కాళ్లు వాటంతట అవే కదిలాయి. వంగి బంతులు ఏరాడు, ధోతి కొసతో ఒక్కొక్కటీ తుడిచాడు, నెట్ దగ్గరికొచ్చి రెండు చేతులా చాచాడు.

"గెల్చినవు బిడ్డా. పో. పెట్టె తెస్త, పా."

సామ్యూల్ బంతులు అందుకోలేదు.

"అవ్వ మీద ఒట్టు వెట్టినవు," అన్నాడు.

"ఎండరా..."

"నెట్ అంచుకు మూడు. గీతవుతల రెండు వేళ్ల ఎడంల ఒకటి. నాకు తెల్వదా బాపూ? నువ్వు నేర్పిన ఇద్దె గాదా? నన్ను గూడ దొరను జేసినవా?"

ఇశ్రాయేలు చాచిన చేతులు దించలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే ఎండ మీద నెట్టడానికి కూడా ఆయనకు ఓపిక లేకపోయింది.

మోటార్ అడ్డా వైపు నుంచి జనగామ బస్సు హారన్ వినబడింది. సాయవ్వ గంప ఎత్తబోయి ఆగింది.

"సామేలూ, బస్సు..." అంది. పొమ్మందో, ఆగమందో ఆమెకే తెలియదు.

సామ్యూల్ నెట్ చుట్టూ తిరిగి నడిచొచ్చాడు. ఎండ పక్కకు వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. బొబ్బలెక్కిన ఆ చేతుల్లోంచి బంతులు ఒక్కొక్కటిగా తీసుకున్నాడు.

"నువ్వు ఆ పక్కకు పో," అన్నాడు.

"బస్సు వోతది బిడ్డా."

"ఆ పక్కకు పో బాపూ."

హారన్ మళ్లీ మోగింది, ఈసారి పొడుగ్గా. ఇశ్రాయేలు నెట్ అవతల ఖాళీగా ఉన్న కోర్టు కేసి చూస్తూ నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్లలో ఆయన ఎండను వీపుకు పెట్టుకుని ఒక్క గేమూ ఆడలేదు.